గ్రిప్ ఫుల్లుగా ఉన్నా టైరు పేలొచ్చు.. నిజామాబాద్, బోధన్ కారు ఓనర్లు చూడాల్సిన ఆ నాలుగు అంకెలు ఇవే!

ఇంట్లో ఒకరు దుబాయ్‌లోనో, ఖతార్‌లోనో ఉంటారు. సెలవు మీద వచ్చినప్పుడు ముచ్చటపడి కారు కొంటారు. నెలన్నర తిప్పి మళ్లీ ఫ్లైట్ ఎక్కేస్తారు. ఆ తర్వాత ఆ కారు వాకిట్లో రేకుల షెడ్డు కిందో, వేపచెట్టు కిందో నిలబడిపోతుంది. పండక్కి ఒకసారి బాసర, పెళ్లికి ఒకసారి ఆర్మూర్, అంతే. నాలుగైదేళ్లు గడుస్తాయి. మీటరులో 20 వేల కిలోమీటర్లు కూడా ఉండవు. టైర్లు చూస్తే కొత్తవాటిలాగే నల్లగా, గాడులు నిండుగా కనిపిస్తాయి.

సరిగ్గా ఆ కారులోనే ఒక మే నెల మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ ఎక్కి, దుబాయ్ నుంచి వచ్చే మనిషిని తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు బయలుదేరతారు. నిజామాబాద్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. డిచ్‌పల్లి దాటి 44వ నంబర్ హైవే ఎక్కితే ఇందల్వాయి టోల్ గేటు, కామారెడ్డి, భిక్కనూర్.. అంతా నాలుగు లైన్ల రోడ్డు. స్పీడు దానంతట అదే వంద దగ్గరికి వెళ్తుంది. పైన 44 డిగ్రీల ఎండ, కింద అంతకంటే బాగా ఎక్కువగా కాలుతున్న తారు. వాకిట్లో ఏళ్ల తరబడి ఎండిన టైరుకు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

టైరుకు రెండు వయసులు ఉంటాయి. ఒకటి కిలోమీటర్ల వయసు. ఇది అందరికీ తెలుసు, గ్రిప్ అరిగితే కంటికే కనిపిస్తుంది. రెండోది ఏళ్ల వయసు. ఇది కనిపించదు, చదవాలి. నిజామాబాద్, బోధన్ లాంటి చోట్ల సొంత కార్లు రోజూ వందల కిలోమీటర్లు తిరగవు. కాబట్టి చాలా ఇళ్లలో టైరు అరిగి చావదు, ముసలిదై చస్తుంది. తక్కువ ధరలో టైరు ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

ఆ నాలుగు అంకెలు ఎక్కడుంటాయి?

టైరు పక్క గోడ మీద ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో డీఓటీ అని అచ్చు ఉంటుంది. దాని వెంట కొన్ని అక్షరాలు, అంకెలు వస్తాయి. చివర్లో కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో తయారైందని అర్థం. 5124 అంటే 2024 డిసెంబర్ మూడో వారం. ఇంతకుమించి ఇందులో రహస్యం లేదు.

చిక్కు ఇంకో చోట ఉంది. చాలా టైర్లకు ఈ అంకెలు ఒక పక్కనే ఉంటాయి. ఆ పక్క లోపలికి తిరిగి ఉంటే బయట నిలబడి ఎంత వెతికినా కనపడవు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు చక్రాలవి చూడొచ్చు. వెనకవి చూడాలంటే ఫోన్‌ను కారు కిందకి పెట్టి ఫ్లాష్ వేసి ఫొటో తీయడమే సులువు. మట్టి పేరుకుని ఉంటే తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

మరి ఎన్నేళ్లు వాడొచ్చు? దీనికి ఒకే ఒక్క అంకె చెప్పేవాళ్లను నమ్మకపోవడమే మంచిది. మిషెలిన్ కంపెనీ చెప్పే లెక్క ప్రకారం, వాడకం మొదలైన ఐదేళ్ల తర్వాత ఏడాదికి ఒకసారైనా తెలిసినవాళ్లతో చూపించాలి. తయారైన పదేళ్లకు గ్రిప్ ఎంత ఉన్నా తీసేయాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. ఎండలు 45 డిగ్రీలు తాకే ఇందూరు లాంటి చోట, ఆరుబయట నిలిపే కారుకు ఆరేడేళ్లనే హద్దుగా పెట్టుకోవడం తెలివైన పని. పదేళ్లన్నది ఆఖరి గోడ. అక్కడిదాకా వెళ్లి గుద్దుకోవాల్సిన అవసరం లేదు.

నిలిపిన కారు టైరు ఎందుకు పాడవుతుంది?

"వాడనిది ఎట్ల ఖరాబైతది?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రబ్బరును గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ నెమ్మదిగా తింటూ ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ పని వేగంగా సాగుతుంది. దీన్ని అడ్డుకోవడానికి టైరు తయారీలోనే మైనం లాంటి పదార్థాలు, కొన్ని రసాయనాలు కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు వంగుతూ ఉంటే అవి లోపలి నుంచి పైకి వచ్చి పూతలా కాపాడతాయి. కారు నెలల తరబడి కదలకపోతే ఆ పూత సరిగా అందదు. పక్క గోడ మీద సన్నటి వెంట్రుక పగుళ్లు మొదలవుతాయి. కంటికి కనపడేది అదొక్కటే. లోపల రబ్బరుకు, ఉక్కు తీగల పొరలకు మధ్య అతుకు బలహీనపడటం మాత్రం ఎవరికీ కనపడదు.

దీనికి గాలి తగ్గడం తోడవుతుంది. పంక్చర్ లేకపోయినా మంచి టైరు నుంచి నెలకు ఒకటి నుంచి రెండు పీఎస్‌ఐ దాకా గాలి దానంతట అదే పోతుంది. 33 పీఎస్‌ఐతో నిలిపిన కారులో పది నెలల తర్వాత 20 మిగలొచ్చు. ఈ రోజుల్లో కార్లకు వచ్చే రేడియల్ టైర్లు మామూలుగానే కింద కొంచెం ఉబ్బినట్టు ఉంటాయి కాబట్టి, కాలితో తన్ని చూస్తే ఈ తేడా తెలియదు. గేజి పెట్టాల్సిందే. గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతి చుట్టుకూ పక్క గోడ ఎక్కువగా వంగుతుంది. వంగినకొద్దీ వేడెక్కుతుంది. అతుకు ముందే బలహీనంగా ఉంటే ఆ వేడికి పైపొర ఊడి వచ్చేస్తుంది. హైవే మీద "టైరు పేలింది" అని మనం చెప్పుకునే చాలా ఘటనల వెనక ఉండేది ఈ వరసే. పాత రబ్బరు, తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎండ, స్పీడు.

ప్రపంచం ఈ పాఠాన్ని బాగా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ ఏకంగా 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లలో వాటి పైపొర ఊడిపోయి బండ్లు పల్టీలు కొట్టాయి. అక్కడి రవాణా భద్రతా సంస్థ లెక్కలో ఆ ప్రమాదాలకు 271 మంది బలయ్యారు. తయారీ లోపాలతో పాటు తక్కువ గాలి, వేడి కూడా అందులో చర్చకు వచ్చాయి. అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే కేసులు ఎక్కువగా కనిపించాయి. గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగే పద్ధతి అమెరికాలో తప్పనిసరి అయింది ఆ గొడవ తర్వాతే.

ఇంగ్లండ్‌లో జరిగింది మన వాకిట్లో కారుకు ఇంకా దగ్గరి కథ. 2012 సెప్టెంబర్‌లో ఒక సంగీత ఉత్సవం నుంచి కుర్రకారును తీసుకొస్తున్న బస్సు సర్రే ప్రాంతంలో ముందు టైరు పేలి చెట్టును ఢీకొట్టింది. ముగ్గురు చనిపోయారు. దర్యాప్తులో తేలింది ఏంటంటే, ఆ టైరు వయసు 19 ఏళ్లు దాటింది. గ్రిప్ మాత్రం చట్టం అడిగినంత ఉంది! అప్పటికి అక్కడ టైరు వయసు మీద నిషేధం లేదు. చనిపోయినవారిలో ఒకరి తల్లి ఏళ్ల తరబడి పోరాడింది. చివరికి 2021 ఫిబ్రవరి నుంచి లారీలు, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదని అక్కడ నిబంధన వచ్చింది.

మన దగ్గర కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 94వ రూల్ టైర్ల గురించి చెబుతుంది. కార్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. అది కనుక్కోవడానికి స్కేలు అక్కర్లేదు. టైరు గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు అడ్డంగా ఉంటాయి. పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉన్నచోట సూటిగా పైకి చూస్తే ఆ గట్టు దొరుకుతుంది. గ్రిప్ అరిగి గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయింది. కొత్త కారు టైరుకు లోతు సాధారణంగా ఏడు, ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. వానల్లో నీళ్లను బయటకు తోసేది ఆ లోతే కాబట్టి, మూడు మిల్లీమీటర్లకు వచ్చినప్పుడే మార్చే ఆలోచన మొదలుపెట్టాలి. జూన్‌కు ముందే అయితే ఇంకా నయం.

షిర్డీ వెళ్లేవాళ్లకు ఇంకో మాట. జాల్నా దగ్గర సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేవాళ్లు మన జిల్లా నుంచి చాలామందే ఉన్నారు. అది కాంక్రీట్ రోడ్డు, కార్లకు గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. నాగ్‌పూర్-షిర్డీ భాగం 2022 డిసెంబర్‌లో తెరిచాక ప్రమాదాలు వరసగా జరిగాయి. దాంతో 2023లో మహారాష్ట్ర రవాణా అధికారులు ఎక్కే చోటే టైర్లు చూసి, అరిగినవి ఉన్న బండ్లను వెనక్కి పంపడం మొదలుపెట్టారు. సాయిబాబా దర్శనానికి వెళ్తూ ఎంట్రీ దగ్గర ఆగిపోవడం ఎవరికి ఇష్టం?

చవక టైరు అంటే ఏది?

ఇక అసలు డబ్బుల లెక్క. మార్కెట్లో టైరు అడగ్గానే "ఎన్ని కిలోమీటర్లు వస్తది?" అన్నదే మొదటి ప్రశ్న. ఎక్కువ కిలోమీటర్లు ఇచ్చే టైరుకు ఎక్కువ ధర. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అది అందరికీ లాభం కాదు.

లెక్క కోసం రెండు టైర్లు అనుకుందాం. ఒకటి రూ.3,600, 36 వేల కిలోమీటర్లు నడుస్తుంది. ఇంకోటి రూ.5,000, 55 వేలు నడుస్తుంది. కిలోమీటరుకు మొదటిది 10 పైసలు, రెండోది దాదాపు 9 పైసలు. కాగితం మీద రెండోదే చవక. ఏడాదికి 50 వేలు తిరిగే టాక్సీ డ్రైవరుకు అది నిజంగానే చవక. నాలుగు చక్రాల మీద ఏడాదికి దాదాపు రూ.1,800 మిగులుతుంది, షాపు చుట్టూ తిరగడం కూడా తగ్గుతుంది.

అదే బోధన్‌లో ఏడాదికి 5 వేల కిలోమీటర్లు తిరిగే టీచర్ కారు తీసుకోండి. ఏడేళ్లకు 35 వేలు. అప్పటికి మొదటి టైరు అరిగి, వయసు కూడా అయిపోయి, రెండు లెక్కలూ ఒకేసారి తీరతాయి. రెండో టైరులో ఇంకా 20 వేల కిలోమీటర్ల గ్రిప్ మిగిలే ఉంటుంది, కానీ వయసు అయిపోయింది కాబట్టి దాన్ని పారేయాల్సిందే. పారేయడానికి మనసు ఒప్పదు, ఇంకో మూడేళ్లు లాగుతారు. ప్రమాదం అక్కడే. నాలుగు టైర్ల మీద రూ.5,600 ఎక్కువ పెట్టి కొన్నది చివరికి ఆ ప్రమాదాన్నే.

అంటే తక్కువ తిరిగే కారుకు పేరున్న కంపెనీ మామూలు రకం టైరు, కానీ తాజా తేదీది, చాలు. ఎక్కువ తిరిగే కారుకు ధర ఎక్కువైనా మన్నికైన రకం. ఈ తేడా చెప్పకుండా అందరికీ పెద్ద రేటు టైరే అంటగట్టే చోట కాస్త ఆలోచించుకోవాలి.

ధరల్లో ఈ మధ్య ఒక ఊరట కూడా వచ్చింది. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర రూ.4,000 అనుకుంటే అప్పట్లో రూ.5,120 అయ్యేది, ఇప్పుడు రూ.4,720. టైరుకు రూ.400 తేడా. ట్రాక్టర్ టైర్లకు అయితే 18 నుంచి 5 శాతానికి దిగింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడినా చెరకు వేయడం మానని రైతులకు, వరి కోతల్లో ట్రాలీలు తిప్పేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. బిల్లు తీసుకుని పన్ను శాతం ఎంత వేశారో చూసుకోవాలి. బిల్లు లేకుండా కొంటే రేపు వారంటీ అడగడానికి కూడా చేతిలో ఏమీ ఉండదు.

షాపులో ఏం అడగాలి?

ముందు సైజు. పాత టైరు మీద 165/80 ఆర్14 85టీ అని ఉంటుంది. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ము అంగుళాలు. జనం ఇక్కడిదాకా చూసి ఆగిపోతారు. ఆ తర్వాతి 85టీ అన్నదే ప్రాణానికి సంబంధించింది. 85 అంటే ఒక టైరు 515 కిలోలు మోయగలదు. టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల స్పీడుకు సరిపడేలా తయారైంది. ఈ రెండిట్లో ఏదీ కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు మనుషులతో పాటు పెట్టెలు, అట్టపెట్టెలు, టీవీ కూడా ఎక్కుతాయి కదా. అదే సైజులో తక్కువ లోడ్ నంబర్ టైరు రెండు వందలు తక్కువకు వస్తుందని వేయించుకుంటే, ఆ రెండు వందలు మిగిలినట్టు కాదు.

అసలు సైజు ఏదో తెలియకపోతే డ్రైవర్ డోరు తెరిచి పక్కన చూస్తే స్టిక్కర్ ఉంటుంది. గాలి ఎంత కొట్టాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. లుక్ కోసం వెడల్పు టైర్లు వేయించుకునే సరదా ఉన్నవాళ్లకు ఒక్క మాట చాలు, మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

తర్వాత ఐఎస్‌ఐ ముద్ర. మన దేశంలో అమ్మే కారు టైర్లకు ఇది తప్పనిసరి, ప్రమాణం నంబర్ ఐఎస్ 15633. ఒకప్పుడు చైనా టైర్లు సగం ధరకే అన్న మాట బాగా వినిపించేది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టాక ఆ వరద తగ్గింది. ఎవరైనా ఇప్పటికీ పేరు తెలియని విదేశీ టైరు చవకగా ఇస్తామంటే ముందు తేదీ చూడాలి. పాత సరుకు అయ్యే అవకాశమే ఎక్కువ.

తేదీ దగ్గర బేరం ఆడొచ్చు, ఆడాలి కూడా. ఆరు నెలల లోపు తయారైనది దొరికితే మంచిది. ఏడాది లోపుదైనా ఫర్వాలేదు, నీడలో సరిగా పెట్టిన టైరు షాపులో వేగంగా పాడవదు. ఏడాదిన్నర, రెండేళ్లు దాటినదైతే, ముఖ్యంగా తక్కువ తిరిగే కారుకు, అది కొత్త టైరు ధరకు సగం వాడేసిన టైరు కొన్నట్టే. డిస్కౌంట్ అని బోర్డు పెట్టిన చోట ఆ నాలుగు అంకెలు ఇంకా శ్రద్ధగా చదవాలి. ఒకే సెట్టులో నాలుగు టైర్లకు నాలుగు వేర్వేరు తేదీలు ఉండొచ్చు. ఒకటి చూపించి మిగతావి బిగించేస్తే లాభం లేదు, బిగించకముందే నాలుగూ చూసుకోవాలి. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్‌కు ఫ్యాక్టరీ ఉంది, ఏపీలో అపోలోకు ఉంది. దగ్గర్లో తయారైనంత మాత్రాన షాపులో ఉన్నది తాజాదని కాదు.

తేదీ చూడటానికి ఇంకో కారణం ఉంది. తడి రోడ్డు మీద పట్టు, తిరిగేటప్పుడు టైరు తినే ఇంధనం, చప్పుడు.. ఈ మూడిటికీ ఏఐఎస్-142 అనే ప్రమాణాన్ని కేంద్రం 2022 జూన్‌లో నోటిఫై చేసింది. 2022 అక్టోబర్ నుంచి కొత్త డిజైన్లకు, తర్వాతి ఏడాది నుంచి అప్పటికే మార్కెట్లో ఉన్న డిజైన్లకు అది వర్తించింది. అంతకుముందు సరుకు ఎవరైనా అంటగడితే ఆ పరీక్ష లెక్కలోకి రానిదే కావచ్చు.

సెకండ్ హ్యాండ్ టైర్ల సంగతేంటి?

ఇది సున్నితమైన విషయం. నెలంతా కష్టపడి కిరాయికి బండి నడిపేవాళ్లకు నాలుగు కొత్త టైర్లంటే ఒక నెల సంపాదన. అందుకే పాత టైర్ల షాపులకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. అవన్నీ చెత్తే అనడం కూడా తప్పు. కొత్త కారు కొన్న వెంటనే అలాయ్ వీల్స్, వెడల్పు టైర్లు వేయించుకునేవాళ్లు కంపెనీ టైర్లను వదిలేసి పోతారు. తేదీ కొత్తగా ఉండి, గ్రిప్ నిండుగా ఉన్న అలాంటివి దొరికితే అది మంచి బేరమే.

మిగతావాటితోనే జాగ్రత్త. నల్ల పాలిష్ కొట్టాక ఏ టైరైనా మెరుస్తుంది, పగుళ్లు మూసుకుపోతాయి. పక్క గోడను బొటనవేలితో గట్టిగా నొక్కి వంచి చూస్తే ఆ పగుళ్లు బయటపడతాయి. లోపలి వైపు చేయి పెట్టి చూడాలి. చుట్టూ వలయంలా ముడతలు, రబ్బరు పొడి కనిపిస్తే అది గాలి లేకుండా నడిపిన టైరు, ఎంత చవకైనా వద్దు. పక్క గోడకు ప్యాచ్ వేసి ఉంటే ముట్టుకోవద్దు. అరిగిపోయిన కారు టైరుకు వేడి కత్తితో మళ్లీ గాడులు కోసి అమ్మేది ఇంకా ఘోరం. అందులో గాడి కిందే తీగలు ఉంటాయి.

రెండే కొత్త టైర్లు కొనే స్తోమత ఉన్నప్పుడు వాటిని ఎక్కడ వేయాలన్నది నిత్యం జరిగే గొడవ. "ఇంజిన్ ముందుంది, స్టీరింగ్ ముందుంది, కొత్తవి ముందే" అంటారు చాలామంది మెకానిక్‌లు. టైర్ కంపెనీలు చెప్పేది దీనికి రివర్స్. కొత్తవి వెనకే వేయాలి. వానలో ముందు చక్రాలు జారితే స్టీరింగ్ ద్వారా డ్రైవరుకు తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే కారు సర్దుకుంటుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు చేతిలో ఇక ఏమీ ఉండదు. వాదన ఎటు ఉన్నా, బరువు ఈ వైపే ఉంది.

మన రోడ్ల మీద టైరు జీవితం

బోధన్ నుంచి సాలూర మీదుగా మహారాష్ట్ర వైపు, ఇటు ఎడపల్లి మీదుగా నిజామాబాద్ వైపు తిరిగేవాళ్లకు ఒక సీజన్ బాగా తెలుసు. కోతలైతే చాలు, రోడ్డుకు సగం వడ్లే. ఆరబోసినవాళ్లు కుప్ప అంచున పెద్ద రాళ్లు పేరుస్తారు. రాత్రిపూట ఆ రాయిని చక్రం అంచుతో గుద్దుకుంటే టైరుకు పంక్చర్ కాదు, లోపల తాళ్లు తెగుతాయి. రెండు మూడు రోజులకు పక్క గోడ మీద కోడిగుడ్డంత గడ్డ లేస్తుంది. దానికి రిపేరు లేదు. గాలి పట్టుకుని ఉందిగా అని తిప్పితే అది ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. అటు పక్క గోడలో దిగిన మేకుకైనా ఇంతే, ప్యాచ్ గ్రిప్ భాగానికే పనికొస్తుంది.

గాలి విషయంలో జరిగే ఒక తప్పు మాత్రం దాదాపు అందరూ చేసేదే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 33 ఉన్న టైరులో, మే మధ్యాహ్నం ఎండకే మూడు పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది. హైవే మీద గంట నడిపితే ఇంకొంత. పెట్రోల్ బంకులో గేజి 38 చూపించగానే భయపడి గాలి తీయించేస్తారు. చల్లారాక చూస్తే 28 ఉంటుంది. ఎండాకాలంలో టైరు పేలుతుందని గాలి తగ్గించడం అనేది పేలడానికి దారి వేయడమే. స్టిక్కర్ మీద రాసిన అంకె చల్లటి టైరుకు రాసింది. పొద్దున్నే, రెండు మూడు కిలోమీటర్ల లోపు బంకు దగ్గర చూపించుకుంటే సరిపోతుంది. నైట్రోజన్ కొట్టిస్తే వేడెక్కదు అన్నది కూడా ప్రచారమే ఎక్కువ. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఫ్రీగా కొడితే కొట్టించుకోవచ్చు, అంతే.

8 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్పించాలి. అప్పుడే అలైన్‌మెంట్ కూడా చూపించాలి. టైరు ఎలా అరిగిందో చూస్తే జబ్బు తెలిసిపోతుంది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ పోయింది. అలైన్‌మెంట్‌కు పెట్టే కొన్ని వందలు ఆదా చేసి, లోపలి అంచు తీగలు తేలిన టైరును 15 వేల కిలోమీటర్లకే పారేసిన కార్లు ప్రతి టైర్ షాపు వెనకా కనిపిస్తాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కార్లకు ఇంట్లోవాళ్లు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు, కానీ అదే చాలా తేడా తెస్తుంది. రెండు వారాలకోసారి ఊరి చివరిదాకా తిప్పి రావాలి. నెలకోసారి గాలి చూపించాలి. ఎండ పడే వైపు చక్రాల మీద గోనెసంచి కప్పినా మేలే. యూరియా బస్తాలు, డీజిల్ డబ్బాలు పెట్టిన చోట కారు నిలపకూడదు, నూనె రబ్బరును మెత్తబరుస్తుంది. ఎయిర్‌పోర్టు ప్రయాణం ఉందంటే ఒక రోజు ముందే నాలుగు టైర్ల తేదీలు ఫొటో తీసి, అవతల ఉన్న మనిషికి వాట్సాప్ చేస్తే, డబ్బు పంపాలా వద్దా అన్నది అక్కడి నుంచే తేల్చుకుంటారు.

ఐదో టైరును మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. దాన్ని మనం పిలిచే స్టెప్నీ అన్న పేరు వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904 ప్రాంతంలో అదనపు చక్రాలు అక్కడే తయారై ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. అక్కడివాళ్లు ఆ మాట మర్చిపోయినా మన పంక్చర్ షాపుల్లో ఇంకా బతికే ఉంది. డిక్కీలో ఒక్క కిలోమీటరు కూడా తిరగని ఆ స్టెప్నీకి కూడా నాలుగు అంకెలు ఉంటాయి. కారు 2016ది అయితే అది కూడా 2016దే. అర్ధరాత్రి భిక్కనూర్ దగ్గర టైరు మార్చి బిగించేది దాన్నే కాబట్టి, మిగతా నాలుగింటితో పాటు దాని తేదీ, దాని గాలి కూడా చూడాలి. వయసు అయిపోయిందని తేలితే, కొత్తవి కొన్నప్పుడు తీసేసిన వాటిలో తేదీ కొత్తగా, గ్రిప్ బాగా ఉన్నది ఒకటి డిక్కీలోకి మార్చుకుంటే ఐదోది కొనే ఖర్చు తప్పుతుంది.